కుడికాలి తాతగారు

నేను ఒక కుడిపాదాన్ని. నా పైన మనిషి లేడు. కోయంబత్తూరులో ఒక షెడ్డులో, సిలికాన్ అచ్చులో పోసి తీశారు. అరికాల్లో గుంట పుండు, మడమకి నల్లమచ్చ, వేళ్ల సందున చీము, అన్నీ చేయితిరిగిన పనివాడు దిద్దినవే. పుట్టిన పిల్లలకి ఎవరైనా కాటుక చుక్క పెడతారు. నాకు చీము చుక్క పెట్టారు.

ఉద్యోగం ఓ పెద్దాసుపత్రి శిక్షణ గదిలో. షుగరు రోగుల కాలిపుళ్లకు కట్టు కట్టడం నర్సులు ముందు నా మీద నేర్చుకోవాలి. నేర్పే మంగతాయారు సిస్టరుది ఒకటే పట్టు: "మాటా పలుకూ లేకుండా కట్టడానికి అది బట్టల మూట కాదమ్మా. పలకరించండి." దాంతో ప్రతి పిల్లా "తాతగారూ, నొప్పిగా ఉందా?" అనేది. పెళ్లీ పెటాకులూ లేకుండానే తాతనైపోయాను. నొప్పి నాకెక్కడిది? షుగరు ముదిరితే మనుషుల కాళ్లకీ ఉండదట. అందుకే నాకీ ఉద్యోగం.

అందరిలోకీ దమయంతి చేయి మెత్తన. పరీక్ష రోజున నిజం మనిషినే పిలిపించారు, ఇస్త్రీ బండి సింహాద్రిని. దమయంతి అతని కుడికాలి పుండు కడిగి, తుడిచి, పూలదండ కట్టినంత ఒద్దికగా కట్టు కట్టింది. బల్లమీంచి చూస్తూ పొంగిపోయాను. "అయిపోయిందండీ" అంది. సింహాద్రి చెప్పులు తొడుక్కుని, దండం పెట్టి బయల్దేరాడు.

గచ్చుమీద ఎర్రటి మరకలు పడుతున్నాయి. ఎడమ చెప్పు కిందనుంచి. అందరికంటే ముందు చూసింది నేనే, అరవడానికి నోరేదీ? అతను గుమ్మం దాటితే ఆ కాలు దక్కదు.

"ఆగండి బాబూ!" అంది మంగతాయారు. చెప్పు విప్పిస్తే, అట్టలోంచి పైకి లేచిన మేకు, దానికి సరిగ్గా అరికాల్లో చిల్లు.

"నొప్పెట్టనేదమ్మా, నాకేటి తెలుస్తాది?" అన్నాడు సింహాద్రి.

దమయంతి ఏడ్చేసింది. "మాకెప్పుడూ కుడికాలే కదండీ ఉంది..." ఆమెతో నేర్చుకునే మిగతా ఆరుగురూ తలలు దించుకున్నారు. వాళ్లయినా ఎడమకాలు అడిగేవారు కారు. సిగ్గుతో చచ్చిపోయాను. గురువుకి లేనిది శిష్యులకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

సింహాద్రి కాలు దక్కింది. ఆ చెప్పు మాత్రం మేకుతో సహా నా పక్కన బల్లెక్కింది. ఇక ప్రతి పిల్లా నన్ను ముట్టుకునేముందు అందులో మెల్లగా చేయి పెట్టి తడమాలి, తర్వాత "తాతగారూ, రెండో కాలు చూపించండి" అనాలి. లేని కాలిని రోజుకి ఇరవైసార్లు అడిగించుకున్నాను.

కడిగి కడిగి చివరికి నా పుండే చిరిగిపోయింది. బీరువా అడుగు అరలో పడేశారు. కొత్త పాదం వచ్చింది, ఈసారి ఎడమది. మొన్న లోపల్నుంచి విన్నాను. కొత్తగా చేరిన పిల్ల ఎవరో, కట్టు ముట్టుకోకముందే అడిగింది: "తాతగారూ, రెండో కాలేదీ?"

బీరువా తలుపు తెరుచుకుంది.