పైడయ్య పక్కన చోటు

గుండ్రంగా తిరగడం తప్ప మరో పని తెలియని హార్డ్ డిస్కును నేను. ఏ దేశంలోనో బిగించి, విజయనగరంలో ఒక బ్లడ్ బ్యాంకు సర్వర్‌లో కూర్చోబెట్టారు. దాతల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు నా లోపల తిరిగే లోహపు పళ్ళెం మీదే ఉండేవి. మనుషులు రక్తమిచ్చి, బిస్కెట్ తిని మరిచిపోతారు. నాకు మరుపు లేదు.

కొన్నేళ్ళకు నేను నెమ్మదించాను. ఒక్క పేరు వెతకడానికి నిమిషాలు పట్టేవి. తప్పు నాది కాదని కనిపెట్టింది కొత్త ఇంజినీరు హైమావతి. పేర్లూ నా మీదే, ప్రతి మార్పునూ నమోదు చేసే చిట్టా నా మీదే. నా చదివే ముల్లు ఆ రెంటి మధ్య పరుగెత్తలేక సతమతమయ్యేది. ఆమె చిట్టాను పక్క డిస్కుకు మార్చింది. ఎక్కువగా అడిగే రికార్డులను నా వెలుపలి అంచుకు చేర్చాలనుకుంది. అక్కడ చదవడం వేగం.

ఎక్కువగా అడుగుతున్నవేవో చూస్తే, అన్నిటికన్నా ముందు బోని పైడయ్య. రోజూ ఉదయం సరిగ్గా పది గంటలకు.

ల్యాబ్ చూసే అప్పలస్వామి ముఖం పాలిపోయింది. “పైడయ్య పోయి మూడేళ్లయిపోనాదమ్మా. బాంబే గ్రూపు, శానా అరుదు. ఆడి రికార్డు ఎవలు తీస్తన్నారు?”

“ఏ కంప్యూటర్ నుంచీ కాదండీ,” అంది హైమ, గొంతు తగ్గించి.

నాకూ తెలియదు. పిలుపు వచ్చేది, ముల్లు కదిలేది. పిలిచినవాళ్ళు మాత్రం లేరు. ఆ క్షణాన నా లోహం చల్లబడేది.

అయినా ఎక్కువగా అడిగేది అదే కనుక, హైమ పైడయ్యను అంచున మొదటి చోట పెట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం, కాన్పయిన ఒక అమ్మాయికి రక్తస్రావం ఆగడం లేదని ఆస్పత్రి నుంచి కబురు. అదే గ్రూపు కావాలి. రెప్పపాటులో వెతికాను. బతికున్న దాత ఒక్కరూ లేరు. తెర మీద పైడయ్య ఒక్కడే. ఇంట్లోవాళ్ళెవరైనా ఎత్తుతారేమోనని హైమ ఆ నంబరు నొక్కింది.

“ఎవలు?” ఆడగొంతు. “ఆడు లేడు తల్లీ. నాను ఆడి అప్పని, తోడబుట్టిందాన్ని, నూకాలుని. ఆడు మంచాన ఉన్నప్పుడు నా రకతం కూడా చూసినారు. అదే రకం అన్నారు. రమ్మంటావా?”

ఆటోలో వచ్చింది. రక్తం సరిపోయింది. చీకటి పడకముందే ఆ అమ్మాయి కళ్ళు తెరిచి బిడ్డను అడిగిందట.

మర్నాడు హైమ నూకాలు పేరు ఎక్కించింది. అంచంతా తానే సందు లేకుండా నింపింది కనుక ఆ పేరు లోపలికెక్కడికో పోతుందనుకుంది. పోలేదు. పైడయ్యను ఆనుకుని, సరిగ్గా ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంది.

అది హైమ వదిలింది కాదు. నేనూ వదలలేదు.