ఐదో హైడ్రోజన్

కార్బన్‌కు ఐదు బంధాలని మా బడి నల్లబల్ల మీద గీసిన మహానుభావుడెవరో నాకు ముందు తెలియాలి. ఆదివారం పొద్దున్నే నా పదో తరగతి గదిలో అడుగుపెట్టగానే ఒళ్లు మండిపోయింది. నడుమ పెద్ద C, చుట్టూ ఐదు H లు. అదీ సుద్దతో కాదు, తెల్ల పెయింటుతో!

మా హెడ్మాస్టరు గదిని షూటింగుకు ఇచ్చాడు. ఫిల్మ్ నగర్‌లో బడి అన్నాక ఇది మామూలే. నా కేకకు అసిస్టెంటు డైరెక్టరు వేదాంత్ నవ్వుతూ వచ్చాడు.

"ఆర్ట్ వాళ్లు వేశారండీ మేడం. నాలుగే ఉంటే ఫ్రేములో కుడిపక్క బోసిగా కనిపించింది. అందుకని ఇంకోటి పెట్టించాం."

బోసిగా ఉందట! పెళ్లికూతురి మెడ బోసిగా ఉందని ఇంకో గొలుసు వేసినట్టు, హైడ్రోజన్‌ను తగిలించారు.

"చెరిపించండి. కార్బన్‌కు నాలుగే బంధాలు."

"అమ్మో, నిన్న సెలవని హీరో షాట్లన్నీ ఈ బోర్డు మీదే తీసేశాం. ఇప్పుడు బోర్డు మారితే కంటిన్యుటీ పోతుంది. అయినా ఎవరు చూస్తారండీ?"

"నేను చూస్తాను!" అని అరిచాను. ఎవరి పిచ్చి వారికానందం అని ఊరుకుందామంటే, ఇది నా పాఠం.

ఆ పాఠానికి నేను పడ్డ పాట్లు దేవుడికే తెలుసు. పిల్లల్ని ఇద్దరిద్దరిగా వీపుకు వీపు ఆనించి నిలబెట్టి, ఇదిగో కార్బన్, నాలుగు చేతులు, ఏ చెయ్యీ ఖాళీగా ఉండకూడదు అని ఆడించాను. అందరికంటే ఆఖర్న అర్థమైంది మనోజకి. అర్థమయ్యాక మాత్రం పట్టిన పట్టు వదల్లేదు. ఐదోవాడొచ్చి చెయ్యందిస్తే, "నీకు జాగ లేదు, ఫో!" అని తరిమింది.

ఇప్పుడు ఆ మనోజ చేతే ఐదు అనిపిస్తారట. హీరోయిన్ టీచరు వేషంలో "కార్బన్‌కు ఎన్ని బంధాలు?" అని అడిగితే, మనోజ లేచి జవాబు చెప్పాలి. సినిమా మొత్తానికి ఆ పిల్లకు దక్కింది ఆ ఒక్క మాట. బోర్డు మీద ఐదున్నాయి కాబట్టి జవాబూ ఐదే.

మనోజ వెంట వచ్చిన తల్లి బాలమణిది కృష్ణానగర్. పెళ్లి సీన్లలో, జాతర సీన్లలో గుంపులో నిలబడి నిలబడి జుట్టు నెరిసిన జూనియర్ ఆర్టిస్టు. ఇన్నేళ్లలో ఒక్క డైలాగూ ఎరగదు.

"టీచరమ్మా, మీకు దండం పెడత. జర సప్పుడు జెయ్యకుండ్రి. నాకైతే నసీబ్ లేకపాయె. నా బిడ్డకన్న ఒక్క మాట దొరికింది."

బోర్డు ముందు నుంచి పక్కకు జరిగాను గానీ కోపం చల్లారలేదు.

టేకు మొదలైంది. హీరోయిన్‌కు తెలుగు రాదు. డైలాగుకు బదులు "వన్ టూ త్రీ ఫోర్" అంటూ పెదవులు కదిపింది. ప్రశ్నను తర్వాత డబ్బింగులో కలుపుతారట. ఆ ఫోర్ ఒక్కటే ఆ రోజు అక్కడ వినపడ్డ నిజం.

మనోజ లేచి "ఐదు!" అంది గట్టిగా. అంటూనే చెయ్యెత్తి, బొటనవేలు మడిచి, నాలుగు వేళ్లు చూపించింది.

"కట్! ఏంటమ్మా ఇది? నోటితో ఐదు, చేత్తో నాలుగా?" అన్నాడు వేదాంత్.

"మాట మీరు జెప్పిందే అన్న గద సార్. చెయ్యి మా టీచర్ జెప్పింది."

మళ్లీ తీశారు. మళ్లీ అంతే. డైరెక్టరు విసుక్కున్నాడు. "క్లోజప్ పెట్టండయ్యా, చెయ్యి ఫ్రేములోకి రాదు."

కెమెరా ఆ పిల్ల మొహం మీదికి జరిగింది. ఫ్రేము బయట నాలుగు వేళ్లూ అలా నిలబడి ఉండగానే షాటు ఓకే అయిపోయింది. బాలమణి సంతోషంతో ఏడ్చేసింది.

నేను మూలనున్న పెయింటు డబ్బాల దగ్గరికెళ్లి, పెయింటును కరిగించే థిన్నర్‌ను గుడ్డ మీద ఒంపుకుని బోర్డు ముందుకు నడిచాను.

"మేడం! ఆ పిల్లనూ బోర్డునూ కలిపి ఇంకో షాటుంది. బోర్డు పోతే ఈ బిట్టే లేపేస్తాం. కంటిన్యుటీ!" అని కేకేశాడు వేదాంత్.

"కంటిన్యుటీ మాకూ ఉందయ్యా! నిన్న నాలుగు, ఇవాళ నాలుగు, రేపు పరీక్షలో నాలుగు!"

అరిచానే గానీ చెయ్యి లేవలేదు. ఇది చెరిపితే మనోజ మాట పోతుంది. బాలమణి మొహం చూస్తూ చూస్తూ ఎలా చెరపను? అలా ఆగిపోయినందుకు నా మీద నాకే మండింది.

మనోజ వచ్చి నా చేతిలో గుడ్డ లాక్కుంది.

"మీరు జరుగుండ్రి టీచర్. నా చెయ్యినే తీసేసిండ్రు. ఇగ నా మొకమెందుకు వీళ్లకు?"

"నీ నోట్ల మన్నువడ, ఆగవే!" అంటూ బాలమణి పరిగెత్తుకొచ్చేసరికి ఐదో హైడ్రోజన్ సగం కరిగి కారుతోంది. మనోజ ఆగలేదు. కుడిపక్క మళ్లీ బోసిగా అయ్యేదాకా తుడిచింది.