పసుపు కార్డులకే ట్యూషన్

స్టాఫ్ రూములో కాఫీ పెట్టడానికి వెళ్ళిన వంటామె వెర్నెల్ గోడ ముందు ఆగిపోయింది. మూడో తరగతి పిల్లల పేర్లన్నీ రంగు కార్డుల మీద ఉన్నాయి. పాసయ్యేవాళ్ళు ఆకుపచ్చ, పాసు మార్కుకు కాస్త తగ్గినవాళ్ళు పసుపు, బాగా వెనకబడ్డవాళ్ళు ఎరుపు. ఆమె కూతురు జకైలా ఎరుపులో ఉంది.

ఏప్రిల్‌లో రాష్ట్రం పెట్టే పరీక్ష తప్పితే జకైలా మళ్ళీ మూడులోనే కూర్చోవాలి. అందుకే బడి అయ్యాక చెప్పే ట్యూషన్‌కు వెర్నెల్ జనవరిలోనే సంతకం పెట్టింది. ఇంతవరకూ పిలుపు లేదు. నేరుగా ప్రిన్సిపల్ డాకరీ గదికి వెళ్ళి అడిగేసింది.

"ట్యూషన్ పసుపు పిల్లలకే, వెర్నెల్. వాళ్ళు గట్టెక్కితే బడి గట్టెక్కుతుంది. తెల్లపిల్లలకెన్ని మార్కులు, మన నల్లపిల్లలకెన్ని అని ఏటా పేపర్లో వేసి పరువు తీయట్లేదా?"

"మరి నా పిల్ల?"

"ఎరుపు వాళ్ళు ఏప్రిల్‌కల్లా కదలరమ్మా. నిజం చెప్తున్నా."

వెర్నెల్‌కు ఒళ్ళు మండిపోయింది. ఊరవతల తెల్లవాళ్ళ బడిలో పిల్ల వెనకబడితే ఇంకో టీచరును పెడతారు. ఇక్కడ వెనకబడ్డ పిల్లనే వదిలేసి, తేడా తగ్గించామని చప్పట్లు కొట్టుకుంటారు. ఆ కొట్టేవి మన నల్లచేతులే కావడం మరీ సిగ్గుచేటు.

ఆదివారం చర్చిలో పాస్టరు "ప్రకటనలేమైనా ఉన్నాయా?" అన్నాడు. ఎవరింట్లో జబ్బు, ఎవరింట్లో చేపల విందు అని లేచి చెప్పుకునే వేళ అది. చర్చి పెద్దలైన డీకన్ల వరుసలో డాకరీ కూర్చుని ఉన్నాడు. వెర్నెల్ లేచింది. రోజూ ఆ పిల్లలకు భోజనం వడ్డించేది ఆమే కనక ఎరుపు పేర్లన్నీ నోటికి వచ్చు. అయినా పిల్లల పేరు ఒక్కటీ ఎత్తలేదు.

"లాట్రీస్, లేచి నిలబడు. ఒడెస్సా పెద్దమ్మా, నువ్వూ లే. తమీకా, ఆ ఫోను పక్కన పెట్టవే!"

"ఏంటే, లాటరీ తగిలిందా?" అంటూ ఒడెస్సా మోకాళ్ళు పట్టుకుని లేచింది. అందరూ నవ్వారు. అలా పదకొండుమంది నిలబడ్డారు.

"సిస్టర్ వెర్నెల్, బడి సంగతులు ఇక్కడ వద్దు," అన్నాడు డాకరీ.

"డీకన్ గారూ, మీ గోడ మీద ఎర్ర కార్డులు వీళ్ళ పిల్లలవే. ట్యూషన్ చెప్పినా దండగన్నారుగా? ఒక్కొక్కరి మొహం చూసి అదే మాట చెప్పండి."

నవ్వులు ఆగిపోయాయి. డాకరీ పాస్టరు వైపు చూశాడు.

"పోయిన ఈస్టరుకి నా మనవడి బాప్తిస్మంలో వాణ్ణి నీళ్ళలోంచి ఎత్తింది నువ్వే కదయ్యా," అంది ఒడెస్సా. "అప్పుడు వాడిది ఏ కార్డో అడిగావా?"

"రేపు బడి వదలగానే జకైలాను ట్యూషన్ గదికి తీసుకొస్తున్నా," అంది వెర్నెల్. "వెళ్ళగొట్టాలంటే గుమ్మంలో మీరే నిలబడండి."

పాస్టరు తరవాతి పాట పేరు చెప్పాడు. ఆ పదకొండుమందిలో ఒక్కరూ కూర్చోలేదు, పాట పుస్తకం తెరవలేదు.