పగలు పడుకునే ఇల్లు

గిన్నెలు తోమేటప్పుడు ఆమె సింకు అడుగున పాత తువ్వాలు పరుస్తుంది. గరిటె గిన్నెకు తగలకూడదు. కుళాయి ధార నేరుగా గిన్నెల మీద పడకూడదు, అరచెయ్యి అడ్డం పెట్టి నీళ్ళను చేతి మీదుగా జార్చాలి. కుక్కర్ విజిల్ ఎప్పుడో తీసి పై అరలో పడేసింది, వంటంతా మామూలు గిన్నెల్లోనే. తలుపు సందుల్లో గుడ్డ పేలికలు కుక్కింది. ఎందుకంటే పక్కగదిలో ఆయన పడుకున్నాడు. మిట్టమధ్యాహ్నం.

కొండ మీద టెలిస్కోపులున్న చోట సంసారాలు ఇలాగే ఉంటాయి. ఆ గుండ్రటి తెల్ల గోపురాలు చూసి, కింద నుంచి వచ్చినవాళ్ళు "అబ్బ, ఎంత అదృష్టం, ఆకాశంలో కాపురం" అంటారు. వాళ్ళ మొహం. రాత్రంతా మొగవాళ్ళు ఆకాశాన్ని చూసి, తెల్లారి వచ్చి పడుకుంటారు. క్వార్టర్ల మొదట్లోనే బోర్డు పెట్టారు: పగలు నిశ్శబ్దం పాటించండి. చీకటి పడితే ఇంకో నియమం. కిటికీలకు దళసరి నల్ల పరదాలు వెయ్యాలి, ఇంట్లోంచి వెలుతురు గీత కూడా బయటికి పోకూడదు. కొత్తలో ఒకసారి వంటింటి పరదా మర్చిపోతే ఆయన పైనుంచి ఫోన్ చేసి మరీ తిట్టాడు. "కోట్ల ఏళ్ళ కింద చుక్కల నుంచి బయల్దేరిన వెలుతురు అది! ఇక్కడిదాకా వచ్చాక నీ వంటింటి బల్బు దాన్ని మింగేసింది." పగలు చప్పుడు చెయ్యకూడదు, రాత్రి దీపం కనిపించకూడదు. మరి ఆ ఇంట్లో ఆడది ఎప్పుడు బతకాలి? ఈ మాట ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె కూడా ఎవరినీ అడగలేదు.

పక్కింటి ఎలక్ట్రీషియన్ భార్య ఒక్కతే నవ్విస్తుంది, అదీ గుసగుసగా. "మీ ఆయన చుక్కలకి కాపలా, నువ్వు మీ ఆయన గురకకి కాపలా. జీతం ఒక్కరికే ఎందుకొస్తుంది వదినా?"

పెళ్ళికి ముందు ఆమె ఆటల టీచరు. మైదానం ఈ కొస నుంచి కేకేస్తే ఆ కొసన పిల్లలు బిగుసుకుపోయేవాళ్ళు. "అబ్బో, ఏం గొంతమ్మా, ఇంటి కప్పు లేచిపోయేలా ఉంది" అని అత్తగారు మొదట్లో నవ్వేది. పాప పుట్టాక ఆ నవ్వు పోయింది. "వాడు రాత్రంతా కళ్ళల్లో వత్తులు వేసుకుని పనిచేసొస్తాడు. చంటిదాని నోరు కాసేపు మూయించలేవూ?"

మూయించింది. పాప ఏడుపు అందుకోగానే నోటి మీద అరచెయ్యి పెట్టేది. మెత్తగానే పెట్టేది, బుగ్గ మీద ముద్దు పెట్టుకుంటూనే పెట్టేది, "శ్, నాన్న" అంటూ. పాకడం, నడవడం నేర్చుకున్నట్టే పాప అదీ నేర్చుకుంది. ఆయనకు ఎంత గర్వమో! "ఇంట్లో పిల్ల ఉన్నట్టే తెలియదు" అని తోటివాళ్ళకు చెప్పుకునేవాడు. ఆ మాటను ఆమె కూడా మెప్పుగానే తీసుకుంది. అదీ సిగ్గుచేటు.

నిన్న పాపను బడిలో చేర్చడానికి కొండ దిగి తీసుకెళ్ళింది. టీచరమ్మ పేరడిగింది. పాప పెదాలు కదిలాయి. మళ్ళీ అడిగింది. మళ్ళీ పెదాలే.

"ఏమ్మా, పాపకు మాటలు రావా?"

"వస్తాయండీ, అన్నీ వచ్చు."

"మరి వినిపించవే?"

డాక్టరుకు చూపించి తీసుకురమ్మని పంపించేసింది. ఇంటికొచ్చి చెబితే ఆయన దుప్పటి లాక్కుంటూ, "అల్లరి మూకల మధ్య నెమ్మదైన పిల్ల కనిపిస్తే వాళ్ళకి రోగమే అనిపిస్తుంది. నన్ను పడుకోనీ" అన్నాడు.

ఇవాళ, తువ్వాలు మీద గిన్నె బోర్లిస్తుంటే వెనకనుంచి ఎవరో బట్ట పట్టి లాగారు. పాప. వెనక మెట్ల మీద పడ్డట్టుంది. నుదురు చిట్లి, అదిమిపెట్టుకున్న వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. నోరు బార్లా తెరిచి ఉంది. మెడ నరాలు పొంగాయి, కళ్ళనిండా నీళ్ళు, ఒళ్ళంతా ఎగిరెగిరిపడుతోంది. గొంతు మాత్రం లేదు. పిల్ల అంతలా ఏడిస్తే వీధి వీధంతా బయటికి రావాలి. ఆమె చెయ్యి తీసెయ్యడంతో కుళాయి నీళ్ళు బోర్లించిన గిన్నె మీద టపటపా పడుతున్నాయి. ఇంట్లో అదే పెద్ద చప్పుడు.

ఆమె కూలబడి పాప భుజాలు పట్టుకుని కుదిపింది. "ఏడు, నా తల్లీ. గట్టిగా ఏడు."

పాప పడకగది తలుపు వైపు చూసింది.

"నాన్న లేస్తే లేవనీ! ఏడవ్వే. ఒక్కసారి అమ్మా అను!"

పాప తల అడ్డంగా ఊపింది.

అప్పుడు అరిచింది ఆమె. ఒకప్పుడు మైదానం కొస దాకా వెళ్ళిన గొంతు ఇన్నేళ్ళ తుప్పుతో, మాటా అర్థమూ లేకుండా, ఇల్లదిరేలా వచ్చింది. పడకగది తలుపు తెరుచుకుంది.

"ఏం పుట్టింది నీకు? చిన్నపిల్లకున్న బుద్ధయినా లేదే!" అన్నాడు ఆయన కళ్ళు నులుముకుంటూ. నెత్తురు ఇంకా ఆయన కంట పడలేదు.

ఆమె మళ్ళీ నోరు తెరిచింది. పాప దగ్గరికి జరిగింది. నెత్తుటి అరచేతిని అమ్మ నోటి మీద మెత్తగా పెట్టి, బుగ్గ మీద ముద్దు పెట్టుకుని, "శ్, నాన్న" అంది, పెదాలతోనే.