కనుమ దారి నియమం

కనుమ దారి తెరిచే ఉందని స్టావ్రోస్ కలఫాటిస్ రాసిన ప్రోగ్రాం చెప్పింది. ఆ మాట నమ్మి, కార్చిచ్చు ఆర్పడానికి అగ్నిమాపక బండి కొండెక్కింది. మలుపు అవతల కాలి కూలిన యూకలిప్టస్ మాను అడ్డంగా పడి ఉంది. బండి వెనక్కి తిప్పేలోగా మంటలు కమ్మేశాయి. దాన్ని నడిపిన వాలంటీరు డెస్ హానిగన్ తిరిగి రాలేదు.

మరణ విచారణాధికారి ఒక్కటే అడిగాడు: తప్పు ప్రోగ్రాంలో ఉందా, దానికి అందిన సమాచారంలో ఉందా?

అది తర్కభాషలో రాసిన ప్రోగ్రాం. అందులో ఏ పని తరువాత ఏ పని చేయాలో రాయరు. ఏది నిజమో, దేన్నిబట్టి నిజమో రాస్తారు. అలాంటి ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో వెతకడానికే, మెల్‌బోర్న్‌లో స్టావ్రోస్ పనిచేసే విశ్వవిద్యాలయంలో, పక్కగది లోర్నా ట్రెగియర్ ఒక పనిముట్టు తయారుచేసింది. అది ప్రోగ్రాం తేల్చిన ఒక్కో మాటనూ చూపించి ‘నిజమేనా?’ అని అడుగుతుంది. జవాబు ప్రోగ్రాం రాసినవాడే చెప్పాలి.

“మీ అత్తగారిలా ఆరాలు తీస్తోందని దీన్ని వెక్కిరించేవాడివి కదూ?” అంది లోర్నా, అతన్ని కాస్త తేలికపరచాలని.

“మా అత్తగారే నయం. అడిగేదే గాని జవాబు వినేది కాదు.”

తెర మీద మొదటి ప్రశ్న వచ్చింది. ‘కనుమ దారి తెరిచి ఉంది. నిజమేనా?’

అబద్ధం అని నొక్కాడు.

‘కనుమ దారి మూసినట్టు సమాచారం లేదు. నిజమేనా?’

స్టావ్రోస్ చెయ్యి ఆగిపోయింది. ఇది కూడా అబద్ధమంటే తప్పు సమాచారానిదవుతుంది. అంటే ఆ రోజు రేడియో గదిలో కూర్చున్న గ్లెండా పాస్క్‌ది. కబురు వచ్చినా ఆమె నమోదు చేయలేదేమోనని పత్రికలు అప్పుడే గుసగుసలాడుతున్నాయి. కానీ మాను కూలడం చూసినవాళ్లే లేరు. ఏ కబురూ రాలేదని అతనికి తెలుసు.

“అలసిపోయావు. రేపు చూద్దాంలే, స్టావ్.”

“రేపటికి నాకు ఇంకో జవాబు తోస్తుంది లోర్నా. ఇప్పుడే కానివ్వు.”

నిజం అని నొక్కాడు. పనిముట్టు ఇక ఏమీ అడగలేదు. తప్పు ఇక్కడుందంటూ ఒక నియమం చూపించింది: మూసినట్టు సమాచారం లేని ప్రతి దారీ తెరిచి ఉన్నట్టే.

తెలియనిదాన్ని లేనిదని రాసింది తనే. ఏదో మధ్యాహ్నం, మాంసం కూరిన రొట్టె తింటూ, రెండోసారి ఆలోచించకుండా రాసిన వాక్యం. లోర్నా అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను తల ఎత్తలేదు.

విచారణలో ఆ నియమాన్ని తనే చదివి వినిపించాడు. వెనక వరుసలో గ్లెండా రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

బయట మెట్ల మీద డెస్ భార్య ఎదురైంది. అతను క్షమాపణకు మాటలు వెతుక్కుంటుంటే చెయ్యెత్తి ఆపింది.

“మా ఆయన దూకుడుగా వెళ్లి చచ్చాడంటున్నారు మా ఊళ్లో. మా మామగారూ అదే నమ్మి తిండి మానేశారు.”

“దూకుడు కాదమ్మా. దారి ఉందా అని అడిగే వెళ్లాడు. ఉందని నేనే తప్పు చెప్పాను.”

“మామగారు కారులో ఉన్నారు. ఈ మాట మీ నోటితో ఆయనకే చెప్పండి.”

ఆమె గొంతులో కోపమూ లేదు, క్షమా లేదు. స్టావ్రోస్ ఆమె వెనకే నడిచాడు. కారు అద్దం కిందికి దిగింది. ముసలాయన కళ్లు చికిలించి చూశాడు.

“ఎవరు బాబూ నువ్వు?”

స్టావ్రోస్ వంగి తన పేరు చెప్పాడు.