ఫెర్రిక్ గుండెలో బల్బు

మూడేళ్లుగా నేను మెరిడియన్ అనే అంతరిక్ష నౌకలో శాస్త్రవేత్తను. నౌక అంటే మాంచెస్టర్‌లో ఒక టీవీ స్టూడియో, అందులో అట్టతో, ప్లైవుడ్డుతో కట్టిన మూడు గోడలు. నా పేరు మ్యూరియెల్ టాఫ్ట్. తెర మీద డాక్టర్ ఓరెల్. ఈ మూడేళ్లలో నాకు దక్కిన మాటలన్నీ పిండితే మిగిలేవి రెండే: "కెప్టెన్, ఇది అసాధ్యం!", "కెప్టెన్, మీరన్నదే నిజం!" మిగతా సమయమంతా చేతిలో పానా పట్టుకుని రోబో భుజం మీద బోల్టు బిగిస్తూ ఉంటాను.

ఆ రోబో పేరు ఫెర్రిక్. వెండిరంగు పూసిన పీపా, వాషింగ్ మెషీన్ గొట్టాల చేతులు, గుండె దగ్గర ఒక ఎర్ర బల్బు. లోపల డెస్మండ్ టాప్లీ అనే నటుడు ఉడికిపోతూ ఉంటాడు. అభిమానుల ఉత్తరాలన్నీ ఫెర్రిక్‌కే, సంచులకొద్దీ. పోయినేడు నాకు మూడొచ్చాయి. రెండింట్లో ఫెర్రిక్ ఫొటో పంపమన్నారు. మూడోది వంటల ప్రోగ్రాం వాళ్లది, పొరపాటున నా గూట్లో పడింది.

చివరికి నన్ను సీరియల్లోంచి తీసేయాలనుకున్నారు. పోయేముందు మర్యాద చేద్దామనుకున్నారో ఏమో, ఒక పేజీ నిండా మాటలు రాశారు. పేలిపోబోతున్న నౌకలో డాక్టర్ ఒంటరిగా ఉండిపోతూ, ఫెర్రిక్‌ను మిగతావాళ్ల వెంట పంపించి వీడ్కోలు చెబుతుంది. ఆ పేజీని బస్సులో, వంటింట్లో, నిద్రలో కూడా చదివాను. మా పిల్లికి సైతం కంఠతా వచ్చి ఉంటుంది.

ఒంటిగంటకి స్టూడియోను వంటల వాళ్లకి అప్పగించాలి. అప్పటికి నా సీను కాకపోతే దాన్ని ఎత్తేసి, కెప్టెన్ చేత "డాక్టర్ ఇక లేదు" అని ఒక్క ముక్క అనిపిస్తానని డైరెక్టర్ రూపర్ట్ పొద్దున్నే చెప్పాడు. టోస్టు నములుతూ చెప్పాడు.

పన్నెండూ ఇరవైకి కెమెరాలు సిద్ధమయ్యాయి. నోరు తెరిచాను. ఫెర్రిక్ గుండెలో బల్బు ఆరిపోయింది.

వదులైందంతే. కంటికి కనిపిస్తూనే ఉంది. చెయ్యి చాచి ఒక్క మెలి తిప్పబోయాను.

"ఆగు తల్లీ!"

ఆ గొంతు ఆల్ఫ్ గార్‌సైడ్‌ది. ఎలక్ట్రీషియన్ల పెద్ద, వాళ్ల యూనియన్‌కి కూడా పెద్దే. ఆయన చెయ్యెత్తితే పైనున్న దీపాలన్నీ ఆరిపోతాయి. చెయ్యెత్తాడు. ఆరిపోయాయి.

"బల్బు ముట్టుకోవడం మా వాళ్ల పని. నటులు ముట్టుకుంటే రేపు మాతో పనేముంటుంది?" అన్నాడు.

"అయితే నువ్వే బిగించు బాబూ, నీకు పుణ్యముంటుంది!"

"నేనెలా ముట్టుకుంటాను? అది మనిషి ఒంటి మీదుంది. ఒంటి మీదున్నది దుస్తుల వాళ్లది. వాళ్లు విప్పి చేతికిస్తే క్షణంలో బిగిస్తా."

దుస్తుల వాళ్లని పిలిచారు. పీపాకి వెనక మరలున్నాయట, మరలు విప్పేది వడ్రంగట, వడ్రంగి భోజనానికి వెళ్లాడట. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. అది చాలదన్నట్టు అప్పుడే టీ బండి వచ్చింది. టీ బండి వస్తే ఈ భవనంలో భూకంపం కూడా కప్పు పట్టుకుని వరసలో నిలబడాల్సిందే. గోడ గడియారం పన్నెండూ నలభై చూపించింది. నాకు ఏడుపొచ్చింది, ఏడుపుకన్నా ముందు కోపమొచ్చింది.

పీపాలోంచి డెస్మండ్ గొంతు వినబడింది. "మ్యూరియెల్, నువ్వు తిట్టాల్సినవాళ్లని తీరిగ్గా తిట్టుకో. నేను మాత్రం ఇంకో అరగంట ఆగలేను. పొద్దున మూడు కప్పులు తాగాను."

"నోర్మూసుకుని బిగబట్టు. నా బతుక్కి ఒక్క పేజీ దొరికింది, అది నీ మూడు కప్పుల్లో కొట్టుకుపోవాలా?"

నా చేతిలో పానా ఇంకా అలాగే ఉంది. దాన్ని చూసుకుంటే అప్పుడు తట్టింది. మూడేళ్లుగా బోల్టు బిగిస్తున్నాను కదా, వడ్రంగి ఏనాడైనా పీపా ఎక్కి అరిచాడా? లేదు. ఎందుకంటే అది స్క్రిప్టులో రాసి ఉంది.

పరిగెత్తుకెళ్లి రూపర్ట్ చేతికి స్క్రిప్టు, పెన్సిలు ఇచ్చాను. "రాయండి. 'డాక్టర్ బల్బు బిగిస్తుంది' అని రాయండి."

"కానీ కథలో బల్బు ఎందుకు ఆరుతుంది, మ్యూరియెల్?"

"నౌక పేలిపోతోందండీ! ఆరక ఏంచేస్తుంది?"

రాశాడు. అయినా దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలిగా. కాగితం గార్‌సైడ్ ముందు పెట్టాను. కళ్లజోడు తగిలించుకుని, కప్పు దించకుండా రెండుసార్లు చదివాడు.

"స్క్రిప్టులో ఉంటే అది నటన. నటన మాది కాదు," అన్నాడు చివరికి. తర్వాత గొంతు తగ్గించి, "కుడివైపుకి, తల్లీ. మరీ గట్టిగా కాదు."

"అది చెప్పడం మాత్రం మీ పనేనా?"

"సలహా ఎవరి పనీ కాదు. ఎవరైనా ఇవ్వచ్చు."

ఆయన మళ్లీ చెయ్యెత్తాడు, ఈసారి దీపాలు వెలిగాయి. ఒంటిగంటకి ఇంకా ఆరు నిమిషాలున్నాయి. తలుపు దగ్గర వంటల వాళ్లు గిన్నెలతో కాచుకుని ఉన్నారు.

పీపా ముందు నిలబడి ఆరిన బల్బుని కుడివైపుకి తిప్పాను. ఎర్రగా వెలిగింది. మూడేళ్లలో ఆ నౌకలో నేను నిజంగా బాగుచేసింది అదొక్కటే. ఆ తర్వాత నటన అక్కర్లేకపోయింది. పేజీ మొత్తం, ఒక్క మాట జారకుండా చెప్పాను. చివరి మాట అయ్యేసరికి ఒక నిమిషం మిగిలింది. ఆ నిమిషంలో డెస్మండ్ పీపాతో సహా గుమ్మం దాటి పరిగెత్తాడు.

శనివారం సాయంత్రం ఆ ఎపిసోడ్ మా ఇంట్లో చూశాను. పేజీ అంతా వినబడింది. తెర మీద మాత్రం మొదటినుంచి చివరిదాకా ఫెర్రిక్ బల్బే! నావి రెండు వేళ్లు, కాస్త ముక్కు. పిల్లిని ఒళ్లోంచి దించి, వెళ్లి గిన్నెలు కడిగాను. ఎంత గట్టిగా తోమానంటే ఒక పింగాణీ ప్లేటు పగిలింది.

ఆ వారం ఫెర్రిక్‌కి రెండు సంచులొచ్చాయి, ఎంత బాగా విన్నాడో అని మెచ్చుకుంటూ. నాకొకటి వచ్చింది. గ్రిమ్స్‌బీ నుంచి ఎడ్నా పోలార్డ్ అనే ఆవిడ రాసింది. ఫొటో అడగలేదు.

"డాక్టర్ గారూ, మా ఆయన పోయినప్పటినుంచి వంటింటి దీపం మిణుకుమిణుకుమంటోంది. ఇంటి యజమాని మనిషిని పంపిస్తానని చెప్పి రెండు నెలలైంది, చీకట్లోనే వండుకుంటున్నాను. మీరు వేళ్లతో తిప్పగానే వెలిగింది, చూశాను. ఎటువైపు తిప్పారో కనబడలేదు. చెప్తారా?"

టీ కూడా పెట్టుకోకుండా జవాబు రాశాను. "ముందు స్విచ్ ఆపండి. కుడివైపుకి తిప్పండి, మరీ గట్టిగా కాదు. ఎవరినీ అడగకండి." కింద డాక్టర్ ఓరెల్ అని సంతకం చేశాను.