మరచెంబు మీఁది పేరు

శిశిరప్రభాతనీహారయవనిక తొలఁగి తరుణతరణికిరణారుణితమైన తూర్పుసముద్రము అడుగుదాఁక తేటపడి మందమందతరంగములతోఁ దీరమును దాఁకుచుండఁగా, భీమునిపట్టణపు రేవున గజయీతగాండ్రు నీటినుండి వెలికిఁ దీసిన యుద్ధకాలపు విమానశకలములు తాటాకుచాపలపైఁ బఱవఁబడి యుండెను. ఉప్పునీరు వానిమీఁది గుర్తింపుటంకెలను దినివేసినందున అది యే విమానమో తెలియరాకుండెను. ముప్పదియేండ్ల క్రిందట ఆ తీరమున రెండు విమానములు గల్లంతయ్యెను. ఒకటి తెల్లదొరలది. రెండవదానిలో నున్నవాఁడు అచ్చటి పాఠశాలోపాధ్యాయిని సుభద్రాయమ్మ భర్త.

అతఁడు శత్రువులలోఁ గలసి రంగూనులో వేఱుకాపురము పెట్టెనని అత్తింటివారు చెప్పుకొనిరి. ఆమె యా నిందను వినుచు నుదుటఁ గుంకుమ దిద్దుకొనుచు నింతకాలము గడపెను. నేఁడు కబురు విని రేవునకు వచ్చి నిలిచెను. ఈ విమానము అతనిదే యైనచో నింద తొలఁగును, కుంకుమయుఁ దొలఁగును.

శకలముల నడుమ నొక యిత్తడి మరచెంబు కనఁబడెను.

“యుద్దానికి చెంబట్టుకెల్లినోడెవుడు బాబూ! బాంబులెయ్యడానికెల్లేడా, బయటికెల్లేడా?” అని గజయీతగాఁడు ఎల్లాజీ నవ్వెను.

విచారణాధికారి దానిపైఁ జుక్కలతోఁ జెక్కిన యక్షరములను జదివెను. “పేరిందేవి అని ఉంది. ఆ రెండు విమానాల్లోనూ ఆడవాళ్ళెవరూ లేరు. ఏ పడవలోంచో జారిపడి ఉంటుంది. అవతల పెట్టవోయ్.”

ఎల్లాజీ చెంబు నెత్తెను. సుభద్రాయమ్మ యూరకుండినచోఁ జాలును. పుణ్యస్త్రీగనే యింటికిఁ బోవచ్చును. ఆమె తాటాకుచాపల దాఁక నడచి వచ్చెను.

“పెట్టకు నాయనా,” అనెను. “గిన్నెల మీద వాడుకున్నవాళ్ళ పేరుండదు బాబూ, పెట్టినవాళ్ళ పేరుంటుంది. పేరిందేవి మా అమ్మ. తొలి దీపావళికి అల్లుడికి పెట్టింది. విమానమెక్కినా ఆయన ఇంటి నీళ్ళే తాగేవారు.”

ఎల్లాజీ తలగుడ్డ తీసెను. “తప్పైపోనాది పంతులమ్మా. తెలక నవ్వీసినాను.”

“నవ్వితే ఏం? మా అమ్మా నవ్వేది.”

అధికారి కలము విప్పి, “వారి పేరు చెప్పండమ్మా,” అనెను.

భర్తపేరు నోటఁ బలుకుట ఆ కులస్త్రీలకు ఆచారము గాదు. తనకు మాఱుగాఁ జెప్పుటకు అత్తింటివారెవ్వరును రాలేదు. సుభద్రాయమ్మ పయ్యెద సవరించుకొని, ప్రతిదినము తరగతిలో హాజరు పిలుచు కంఠముతోనే, “అవసరాల దాశరథిశర్మ,” అని పిలిచెను. పిలిచి, యలవాటు చొప్పున జవాబునకై యొకింత యాఁగెను.

ఎవ్వరును బలుకలేదు. అధికారి వ్రాసికొనెను.